మంచు ఖండానికి మన మట్టి వెళ్లకూడదు

సంపాదకుడు గారికి,

అంటార్కిటికాలో మన పరిశోధన స్థావరం మైత్రి స్టేషన్ పాతబడింది. దాని బదులు కొత్తది కట్టడానికి ప్రభుత్వం సిద్ధమవుతోంది. సంతోషమే. కానీ అక్కడికి వెళ్లే యంత్రాలు, చెక్కపెట్టెలు, మనుషుల బూట్ల వెంట ఏ విత్తనం, ఏ పురుగు వెళ్తుందో అన్న మాట నేను చదివిన వార్తల్లో ఎక్కడా కనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఈ భయం ఏమిటో గుంటూరు వాళ్లకు తెలుసు. 2021లో మా తమ్ముడి మిర్చి చేలో ఏ పువ్వు విప్పి చూసినా నల్ల తామరపురుగులే. ఆగ్నేయాసియా పురుగు అది. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద బయటపడింది. ఆరేళ్లు తిరిగేసరికి మన మిర్చి మీద పడింది. మందులు మార్చి మార్చి కొట్టినా లొంగలేదు. పూతంతా రాలిపోతే తోట పీకేసి జొన్న వేశాడు. అంటార్కిటికా నేలకు అలా ఇంకో పంటకు మారే వీలు కూడా లేదు. అక్కడ సహజంగా పూసే మొక్కలు రెండే రకాలు: ఒకటి గడ్డి, ఇంకోటి నాచులా కుదురుగా పెరిగే చిన్న మొక్క.

1960లలో అంటార్కిటికా ప్రాంతంలోని సిగ్నీ దీవిలో ప్రయోగం కోసం దక్షిణ జార్జియా అనే ఇంకో దీవి నుంచి మొక్కలు తెచ్చి నాటారు. వాటి వేళ్ల మట్టిలో ఒక చిన్న దోమలాంటి పురుగు కూడా వచ్చేసింది. దానికి ఎగరడం రాదు. అయితే మగది లేకుండానే గుడ్లు పెడుతుంది, కాబట్టి ఒక్కటి చేరినా చాలు. ఇప్పుడు ఆ దీవి మట్టిలో నైట్రోజన్ పాళ్లనే మార్చేస్తోంది. తెచ్చింది శాస్త్రవేత్తలే, అదీ తెలియక. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. అంటార్కిటికాలోనే కింగ్ జార్జ్ దీవిలో పోలండ్ స్టేషన్ దగ్గర 1980లలో మొలిచిన పరాయి గడ్డిదీ ఇదే కథ. బందరు కాలవలో గుర్రపుడెక్క తీసిన చోటే మళ్లీ అల్లుకున్నట్టు, పీకిన చోటే మళ్లీ మొలుస్తోంది. విత్తనాలు మట్టిలో దాగి ఉంటాయి కదా. పైగా వేడి పెరిగి మంచు కరిగే కొద్దీ మొలవడానికి ఖాళీ నేల పెరుగుతోంది.

2007-08లో అంటార్కిటికా వెళ్లినవాళ్ల బట్టలు, బ్యాగులు వెతికి చూశారు. విత్తనాలు మోసుకెళ్లినవాళ్ల దగ్గర సగటున మనిషికి 9.5 దొరికాయి. టూరిస్టుల కన్నా శాస్త్రవేత్తల దగ్గరే ఎక్కువ! కాబట్టి మనవాళ్లు జాగ్రత్తపరులే అనుకుని ఊరుకోలేం.

చట్టం లేక కాదు. అంటార్కిటికా పర్యావరణాన్ని కాపాడడానికి దేశాలు చేసుకున్న 1991 మాడ్రిడ్ ఒప్పందం ఉంది, 2022లో మన పార్లమెంటు చేసిన అంటార్కిటికా చట్టం ఉంది. అనుమతి లేకుండా పరాయి జీవిని తీసుకెళ్లకూడదని రెండూ చెబుతున్నాయి. నేను అడిగేది ఒక్కటే. కొత్త స్టేషన్‌కు వెళ్లే ప్రతి పెట్టెనూ, ప్రతి జత బూట్లనూ ఓడ ఎక్కే ముందు ఎవరు తనిఖీ చేశారు, ఏం దొరికింది అన్నది గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఏటా ప్రజల ముందు పెట్టాలి. ఆ లెక్క తెలుగులోనూ రావాలి. మొదటి పెట్టెకు మేకు కొట్టేలోపే ఈ ఏర్పాటు జరగాలి.

– విశ్రాంత బయాలజీ టీచర్,
బ్రాడీపేట, గుంటూరు