వార్షిక నివేదిక: లిబర్టీ నావికులకు రావలసిన గుర్తింపు కోసం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పనిలో ఎక్కువ భాగం ఒక్క విషయానికే పోయింది. అమెరికా నేవీ ఓడ యూఎస్‌ఎస్ లిబర్టీ నావికుల వాంగ్మూలాలను అమెరికా కాంగ్రెస్ బహిరంగంగా వినాలని మనం అడుగుతున్నాం. తెలుగువాళ్లం, మనకెందుకు ఇదంతా అని కొందరు సభ్యులు అన్నారు. ఇక్కడ పౌరులమయ్యాం, ఓటు వేస్తున్నాం, మన పిల్లలు ఇక్కడి నేవీలో చేరుతున్నారు. నాకైతే ఈ కారణం చాలు.

కొత్తవారి కోసం జరిగింది చెబుతాను. 1967 జూన్ 8 మధ్యాహ్నం, ఆరు రోజుల యుద్ధం నడుస్తుండగా, సినాయ్ తీరానికి ఆవల అంతర్జాతీయ జలాల్లో ఉన్న ఈ ఓడ మీద మిత్రదేశమైన ఇజ్రాయెల్ విమానాలు, టార్పెడో బోట్లు దాడి చేశాయి. నిఘా సమాచారం సేకరించే ఓడ అది. నాలుగు మెషిన్ గన్లు తప్ప చెప్పుకోదగ్గ ఆయుధాల్లేవు. 34 మంది చనిపోయారు, 171 మంది గాయపడ్డారు. ఒక్క టార్పెడోకే 25 ప్రాణాలు పోయాయి. ఈజిప్టు ఓడ అనుకుని పొరబడ్డామని ఇజ్రాయెల్ క్షమాపణ చెప్పి, పరిహారం ఇచ్చింది. ఆ మాటను బతికి బయటపడినవారిలో చాలామంది ఇప్పటికీ నమ్మరు. నేవీ విచారణేమో దాదాపు వారంలో ముగిసింది. తెలిసే కొట్టారో, పొరపాటో తేల్చే స్తోమత మనకు లేదు. ఆ రోజు డెక్ మీద ఉన్నవాళ్ల మాట పూర్తిగా వినమంటున్నాం, అంతే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది పతకాల సంగతి. కెప్టెన్ మెక్‌గోనగల్ కాలికి గాయమై రక్తం కారుతున్నా 17 గంటలు బ్రిడ్జి (ఓడను నడిపే గది) వదల్లేదు. రాత్రి వెల్లకిలా పడుకుని, ధ్రువ నక్షత్రాన్ని చూస్తూ ఓడను నడిపించాడు. 1968లో ఆయనకు అమెరికా సైన్యంలో అత్యున్నత పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. వైట్‌హౌస్‌లో అధ్యక్షుడి చేతుల మీదుగా జరగాల్సింది, వాషింగ్టన్ నేవీ యార్డులో నేవీ కార్యదర్శి చేత కానిచ్చేశారు. ప్రశంసాపత్రంలో జెట్ విమానాలు, టార్పెడో బోట్లు అని ఉంది. అవి ఏ దేశానివో లేదు! తూటాల మధ్య డెక్ మీద పరుగెత్తి యాంటెనా కలిపి, ఆపద సందేశం బయటికి వెళ్లేలా చేసిన టెర్రీ హాల్‌బార్డియర్‌కు సిల్వర్ స్టార్ అనే సాహస పతకం అందింది 2009లో. నలభై రెండేళ్ల తర్వాత.

శనివారాల్లో లైబ్రరీ గదిలో కూర్చుని మన ప్రతినిధులకు ఉత్తరాలు రాశాం. ఒక ఆఫీసు నుంచి వచ్చిన జవాబులో ఓడ పేరే తప్పు పడింది. అది చదివి మనవాళ్లు చిన్నబోయారు, ఆ వారమే మళ్లీ రాశారు.

జూన్ 8న ఆర్లింగ్టన్ సైనిక శ్మశానానికి వెళ్లాం. ఆరుగురి పేర్లున్న సమాధి రాయి ముందు నిలబడ్డాం. మొదట్లో ఆ రాయి మీద తూర్పు మధ్యధరా సముద్రంలో మరణించారని మాత్రమే ఉండేది. 1982లో మార్చారు. ఇప్పుడు ఓడ పేరుంది, మరణించారు అన్నచోట చంపబడ్డారు అని ఉంది. మనతో వచ్చిన ఒక పెద్దాయన వంగి, ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివారు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

అప్పుడు ఇరవై ఏళ్లున్న కుర్రాళ్లు ఇప్పుడు ఎనభైకి దగ్గర పడ్డారు. అందుకే వచ్చే ఏడాది ఉత్తరాల పని జనవరిలోనే మొదలుపెడతాం. జూన్ 8 ప్రయాణానికి వ్యాన్‌లో ఇంకా నాలుగు సీట్లున్నాయి. వచ్చేవారు మే నెలలోపు చెప్పండి.

కార్యదర్శి