మంగళవారం పుణ్యమా అని

ఒరేయ్ రాంబాబూ,

ఫోన్‌లో చెబితే "ఊఁ, ఊఁ" అంటూ టీవీ చూస్తావని తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ఇటలీలో నేపుల్స్ నుంచి కసెర్టాకి రైల్లో ముప్పావు గంట. స్టేషన్ బయట అడుగు పెడితే ఎదురుగా అదే, రాజభవనం. తీరా గేటు దగ్గరికెళ్తే తాళం. మంగళవారం సెలవట! ఈ ప్రయాణమంతా నేనే చూసుకున్నానని నెల రోజులుగా డప్పు కొట్టుకుంటున్నానా, మీ చెల్లెలు ఒక్క మాట అనలేదు. అనకపోతే ఎంత ప్రమాదమో నీకు నేను చెప్పాలా.

ఆ రోజు వృథా కాకూడదని టాక్సీ మాట్లాడుకుని మద్దలోని వైపు వెళ్లాం. అక్కడ లోయకి అడ్డంగా ఒక వంతెన ఉంది. ఒరేయ్, చూడగానే నాకు మన కోనసీమ గన్నవరం అక్విడెక్టు గుర్తొచ్చింది! ఇదీ మనుషుల కోసం కాదు, నీళ్ల కోసం కట్టిందే. కాకపోతే ఒకదానిమీద ఒకటి మూడు అంతస్తుల కమానులు. పొడవు 529 మీటర్లు, ఎత్తు 55 మీటర్ల పైమాటే. రోడ్డు దాని కాళ్ల సందుల్లోంచి పోతుంది. కిందనుంచి పైకి చూస్తుంటే మెడ పట్టేసింది.

సంగతేంటంటే, ఆ భవనం కట్టించిన రాజుగారికి తోటలో జలపాతం కావాలి. కసెర్టాలో అన్ని నీళ్లు లేవు. లుయిజీ వాన్విటెల్లి అని ఆయన ఆస్థాన వాస్తుశిల్పి, తబుర్నో కొండ మొదట్లో ఊటలు పట్టుకుని 38 కిలోమీటర్లు కాలువ లాగాడు. చాలావరకు భూమి లోపలే, కొండల్ని తొలుచుకుంటూ. మోటార్లు లేని కాలం కదా, నీళ్లు తమంతట తామే జారుకుంటూ రావాలి. వాలు కాస్త ఎక్కువైతే ఎత్తు చాలదు, తక్కువైతే కదలవు. 1762లో నీళ్లు వదిలారు. అంటే మన గన్నవరానిది లేవడానికి తొంభై ఏళ్ల ముందు. ఆ లోయలో నిలబడి కాటన్ దొర పేరు తలుచుకున్నాను. టాక్సీ అబ్బాయికి చెప్పబోయాను కానీ, నా ఇటాలియన్ "కాఫీ" దగ్గరే ఆగిపోతుంది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ రాజభవనం. గేటులోంచి చూస్తే భవనం నడిమధ్య నుంచి ఆ చివర తోట, తోట చివర కొండమీద తెల్లటి చార. అదే జలపాతం. "ఎంతలే, పది నిమిషాలు" అనుకున్నాను. మూడు కిలోమీటర్లట! నడుద్దామన్నాను. మీ చెల్లెలు తిన్నగా వెళ్లి బస్సు టిక్కెట్టు కొనుక్కొచ్చింది. నిన్నటి మంగళవారం ఇంకా బాకీ ఉంది కనక నోరు మూసుకున్నాను.

పైన రాతి బొమ్మలున్న కొలను ఒకటుంది. ఒక పక్క స్నానం చేస్తున్న డయానా దేవత, చెలికత్తెలు. ఇంకో పక్క ఆవిడ్ని పొరపాటున చూసిన వేటగాడు ఆక్టియాన్. తల అప్పటికే దుప్పి తల అయిపోయింది, తన కుక్కలే తనమీద పడుతున్నాయి. "చూసిన పాపానికి కుక్కలకి అప్పజెప్పాలా, పాపం" అంది మీ చెల్లెలు. వెనక నుంచి జలపాతం హోరు. నిన్న ఆ కమానుల మీదుగా వచ్చిన నీళ్లే ఇవి అని తెలిసి చూస్తే వేరుగా ఉంటుందిరా. మంగళవారం సెలవు కాకపోతే ఫోటో తీసుకుని వచ్చేసేవాణ్ణి.

భవనం సంగతి చెప్పలేదు కదూ. 1200 గదులు, 1742 కిటికీలు. గదులన్నీ బంగారు పూతే, పదో గది దాటాక కళ్లు మొద్దుబారిపోయాయి. మెట్లు మాత్రం చూడాల్సిందే. 117 మెట్లు, అటూ ఇటూ పాలరాతి సింహాలు. పైకప్పు రెండు పొరలు, ఆ రెండిటి మధ్య వాద్యగాళ్లు దాక్కుని వాయించేవారట, రాజుగారు మెట్లెక్కుతుంటే పాట ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా. నాకైతే మోకాళ్ల చప్పుడే వినిపించింది.

ఇదంతా మొదలెట్టిన రాజు కార్లో 1752లో పునాది వేశాడు. 1759లో స్పెయిన్ సింహాసనం దక్కితే, ఎనిమిదేళ్ల కొడుకు ఫెర్డినాండ్‌కి ఇక్కడి రాజ్యం వదిలి వెళ్లిపోయాడు. ఈ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. నువ్వు ఊళ్లో డాబా కట్టి తాళం పెట్టి హైదరాబాద్‌లో కూర్చోలేదూ, అలాగన్నమాట. కోప్పడకు, నీది ఇంకా నాలుగు గదులే.

ఆ ఫెర్డినాండే పెద్దయ్యాక పక్కనే సాన్ లేయుచోలో పట్టు నేసేవాళ్లకి ఊరు కట్టించాడు. మగ్గాలకీ ఈ కాలవ నీళ్లే ఆధారం. 1789లో వాళ్లకో చట్టం రాయించాడు: ఆడపిల్లలకీ మగపిల్లలకీ చదువు తప్పనిసరి, కట్నం లేదు! మీ చెల్లెలు ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. నేను పట్టుబట్టల వైపు చూస్తూ నిలబడ్డాను.

తిండి గురించి ఒక్క ముక్క. ఇక్కడ గేదెలే గొప్ప. గేదె పాలతో మొజారెల్లా చేస్తారు, తెల్లగా గుండ్రంగా ఉప్పునీళ్లలో తేలుతూ ఉంటుంది. కొరికితే లోపల్నుంచి పాలు కారతాయి. పిజ్జా మీద సాగే రబ్బరు కాదురా ఇది. మీ అమ్మమ్మగారి జున్ను తర్వాత అంత ఇష్టంగా నేను తిన్నది ఇదే. నీకు తెద్దామనుకున్నాను కానీ రెండో రోజుకే రుచి పోతుందన్నారు.

అన్నట్టు, మద్దలోని వంతెన పై వరసలో 43 కమానులట. లెక్కపెట్టాను, నాకు 41 వచ్చాయి. గన్నవరంలో మన చిన్నప్పుడు ఎప్పుడూ 48కో 50కో వచ్చి దెబ్బలాడుకునేవాళ్లం గుర్తుందా? అవి 49. సంక్రాంతికి వస్తున్నాను, ఈసారి నువ్వు అటు చివర్నుంచి మొదలెట్టు.

నీ
సత్యం