అత్త వేలిముద్ర

మా మేనత్తకు నలుగురి ముందర కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. ఆమెకు చదువు రాదు. పేరు రాయొద్దని గట్టిగా చెప్పింది, అందుకే రాయడం లేదు. కానీ మా బంధువులు, చిత్తూరులో నా షాపుకు వచ్చే తెలిసినవాళ్ళు చాలామంది ఇది చదువుతారు. ఆమె చేసిన పని వాళ్ళందరికీ తెలియాలి.

పోయిన నవంబరులో ఒకరోజు పదకొండు గంటలప్పుడు షాపులో పెళ్ళిపత్రిక ప్రూఫు చూసుకుంటున్నాను. తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గుడిపాల వైపు ఒక బ్యాంకు బ్రాంచి నుంచి ఆఫీసరు మేడం. అత్త పేరు చెప్పి, ఆవిడ మీకేమవుతారని అడిగారు. మా నాయన చెల్లెలు, మేనత్త అని చెప్పాను. "ఆవిడ ఎఫ్‌డీ రద్దు చేసి ఆరు లక్షలు మీ ఖాతాకు పంపమంటున్నారు. మీరు అడిగారా?" అన్నారు. నాకు కాసేపు నోట మాట రాలేదు. అడగలేదండీ, నాకసలు ఈ సంగతే తెలియదండీ అన్నాను.

ఆ మేడం ఫోన్ చేసి అడగడమే మంచిదైంది. పోలీసులమని, సీబీఐ అని వీడియో కాల్‌లో బెదిరించి, డిజిటల్ అరెస్టు అని చెప్పి పెద్దవాళ్ళ చేత ఎఫ్‌డీలు తీయించి దోచుకుంటున్న రోజులివి. వేలిముద్ర వేసే పెద్దావిడ ఒక్కతే బస్సు దిగి వచ్చి, ఉన్నదంతా తీసి ఫలానా ఖాతాలో వేయమంటే అనుమానం రావాల్సిందే. తర్వాత ఫోన్ అత్తకు ఇచ్చారు. ఆమె కోపంగా ఉంది. "ఏమిరా అబ్బోడా, ఈయమ్మ మూడుసార్లు అడిగింది, ఎవురన్నా ఫోన్ చేసి బెదిరించినారా అని. మా అన్న మనవడికి నా దుడ్లు నేను పంపుకుంటా ఉంటే నన్ను బెదిరించేదెవురు? నువ్వు చెప్పు ఈయమ్మకి."

వద్దత్తా అన్నాను. వినలేదు. మధ్యాహ్నం ఒంటి గంట కాకముందే ఆర్టీజీఎస్ మెసేజ్ వచ్చింది. అప్పటిదాకా నా ఖాతాలో ఉన్నది నాలుగు వేల చిల్లర. ఆ మెసేజ్ నా భార్యకు చూపిస్తే సున్నాలు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, అక్కడే కూలబడి ఏడ్చేసింది.

మా పిల్లోడికి తొమ్మిదేళ్ళు. పుట్టిన ఎనిమిదో నెలలో తలసీమియా అని తేలింది, ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు. ఆ జబ్బును బిడ్డలకు అందించే జన్యు లక్షణం నాకూ నా భార్యకూ ఉందని అప్పుడే తెలిసింది. మా ఇద్దరికీ ఏ జబ్బూ లేదు కాబట్టి ముందే పరీక్ష చేయించుకోవాలన్న ఆలోచనే రాలేదు. తల్లిదండ్రులిద్దరికీ లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్ళిచూపుల్లో జాతకాలు చూసినట్టే ఇద్దరికీ ఈ లక్షణం ఉందో లేదో చెప్పే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష కూడా చేయించండి అని నా దగ్గర పత్రికలు వేయించుకునేవాళ్ళకు ఇప్పుడు చెబుతుంటాను. కొందరు వింతగా చూస్తారు. అయినా చెబుతాను.

అప్పటి నుంచి మూడు నాలుగు వారాలకోసారి తిరుపతికి తీసుకెళ్ళి రక్తం ఎక్కించుకొచ్చేవాళ్ళం. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో పేరుకునే ఇనుము పోవడానికి రోజూ మందు వేయాలి. ఇన్నేళ్ళూ మా బిడ్డకు ఎవరెవరో రక్తం ఇచ్చారు. ఒక్కరి ముఖమూ నాకు తెలియదు. వాళ్ళందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఈ జబ్బు పూర్తిగా నయం కావాలంటే బోన్‌మారో, అంటే ఎముకల్లోని మూలుగ, మార్పిడి చేయాలి. తోడబుట్టినవాళ్ళ మూలుగ సరిపోయే అవకాశమూ నాలుగింట ఒక వంతే. మా చిన్నమ్మాయిది సరిపోయింది. వేలూరు సీఎంసీలో చేయిద్దామని నిర్ణయించుకున్నాం. ఇలాంటి పిల్లల కోసం కోల్ ఇండియా సంస్థ 2017 నుంచి ఒక పథకం నడుపుతోంది. తోడబుట్టినవాళ్ళది సరిపోతే మార్పిడికి 10 లక్షల వరకు ఇస్తారు. మాకు అది మంజూరైంది. ఈ జబ్బున్న పిల్లలు ఎవరింట్లోనైనా ఉంటే ఆసుపత్రిలో ఈ పథకం గురించి తప్పకుండా అడగండి. అయితే అది పోను మిగిలిన ఖర్చు, మూడు నాలుగు నెలలు వేలూరులోనే గది తీసుకుని ఉండడం, మందులు, అన్నీ కలిపి ఇంకో ఆరు లక్షలు కావాల్సి వచ్చింది.

నగలు అప్పటికే బ్యాంకులో ఉన్నాయి. మిగిలింది బంగారుపాళ్యం దగ్గర మా తాత నాటిన మామిడి తోట ఒక్కటే. అంతా తోతాపురి చెట్లు. 2025 సీజనులో మామిడి సంగతి మన జిల్లా వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, దానిపైన ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తుందన్నారు. కాయలు ట్రాక్టర్లలో పెట్టుకుని గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి క్యూలో ఉన్నాం. కోత కూలీ, బాడుగ పోతే చేతికి ఏమీ మిగల్లేదు. ఇక వేరే దారి లేక తోట బేరానికి పెట్టాను. ఆ మాట మామిడి మండీలో ఎవరి ద్వారానో అత్త దాకా పోయింది. నాకు ఫోన్ కూడా చేయలేదు. మా అమ్మ దగ్గర నా ఖాతా నంబరు చీటీ మీద రాయించుకుని నేరుగా బ్యాంకుకు పోయింది.

ఇప్పుడు నేను చెప్పి తీరాల్సిన విషయం ఒకటుంది.

ఆ తోటలో అత్తకు భాగం ఉంది. ఆమె పెళ్ళి 1981లో అయింది. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ 1986లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన చట్టం అప్పటికే పెళ్ళయినవాళ్ళకు వర్తించలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణలో ఆ అడ్డు లేదు. అంటే తాత పోయాక 2009లో మేము కాగితాలు రాయించేనాటికి ఆమెకు హక్కు ఉంది. ఆ సంగతి మా నాయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో హక్కు విడుదల పత్రం ముందు పెట్టి, ఇక్కడ వేయత్తా అని ఆమె బొటనవేలు ఇంకు ప్యాడ్ మీద అద్దింది నేనే. చీర, రవిక, పసుపు కుంకుమ, కొంచెం పండ్లు పెట్టి బస్సెక్కించాం. ఆమె కిటికీలోంచి మా నాయనతో "అన్నా, జాగ్రత్త" అంది. నాయన ఆ మాట చివరి రోజుల్లో చాలాసార్లు తలుచుకున్నాడు. ఒకసారి పోయి చెల్లెలితో మాట్లాడదాం రా అని నన్ను పిలిచాడు కూడా. సీజను పని అయిపోనీ నాయనా అన్నాను. సీజను అయిపోయేలోపే ఆయన పోయాడు.

అదే బొటనవేలితో ఆమె నవంబరులో నా బిడ్డ కోసం బ్యాంకు కాగితాల మీద ముద్ర వేసింది. ఆ ఎఫ్‌డీ చెన్నై–బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌వే కోసం మామయ్య పొలం పోతే వచ్చిన పరిహారం. గడువుకు ముందే తీసినందుకు వడ్డీలో కోత కూడా పడింది. మామయ్య లేడు, ముసలితనంలో ఆ వడ్డీ మీదే బతుకుతోంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఆ సాయంత్రమే వాళ్ళూరికి పోయాను. నెలకింత అని తిరిగి కట్టేస్తానత్తా అంటే, "నీ దగ్గిర వడ్డీలు తీసుకునేదానికి నేనేమన్నా ఫైనాన్సు పెట్టుకోనుండానా?" అంది. తోటలో నీ భాగం సంగతి అని మొదలుపెట్టేసరికి చేత్తో ఆపేసి, "మా నాయన నాటిన చెట్లు అమ్మొద్దు. ముందు పిల్లోడిని చూసుకో, పో" అని అన్నం పెట్టింది. ఉలవచారు, ముద్ద. నాకు గొంతు దిగలేదు. ఆమె పక్కన కూర్చుని పిల్లోడు ఏం తింటాడు, ఎట్లా నిద్రపోతాడు అని అడుగుతూనే ఉంది.

అంత డబ్బు ఒకేసారి వస్తే పన్ను కట్టాలా అని మాకు టెన్షన్ పట్టుకుంది. చిత్తూరులో ఆడిటరు గారిని అడిగాను. బయటివాళ్ళు ఏడాదిలో 50,000 దాటి ఇస్తే మొత్తానికి పన్ను పడుతుంది, కానీ తల్లిదండ్రుల తోడబుట్టినవాళ్ళు చట్టం ప్రకారం దగ్గరి బంధువులే, వాళ్ళు ఎంత ఇచ్చినా పన్ను లేదు, ఒక గిఫ్టు లెటరు రాయించి పెట్టుకోమన్నారు. ఆ కాగితం మీద కూడా అత్త వేలిముద్ర ఉంది. ఈసారి రాసిందంతా ఆమెకు చదివి వినిపించి, అర్థమైందా అత్తా అని అడిగాకే ఇంకు ప్యాడ్ తీశాను.

డిసెంబరులో మార్పిడి జరిగింది. చెల్లెలి మూలుగ అన్నకు రక్తం ఎక్కించినట్టే సన్నటి గొట్టంలోంచి ఎక్కించారు. మూడో వారానికి కణాలు నిలబడ్డాయని డాక్టరు చెప్పారు. వంద రోజులు వేలూరులోనే ఉన్నాం. ఇప్పుడు ఇంటికొచ్చాం. రక్తం ఎక్కించి నెలలు దాటింది. అక్కడి డాక్టర్లకు, రాత్రుళ్ళు మా పిల్లోడికి కథలు చెప్పిన నర్సమ్మలకు, ఆ రోజు ఫోన్ చేసి అడిగిన బ్యాంకు మేడంకు, నాలుగు నెలలు షాపు నడిపిపెట్టిన నా స్నేహితుడికి కృతజ్ఞతలు.

ఇక మిగిలింది అత్తకు. ఇది ఆమెకు చదివి వినిపించేది ఆమె మనవరాలు. అమ్మాయీ, ఇక్కడి నుంచి కొంచెం నిదానంగా చదువు.

అత్తా, తోట అమ్మలేదు. ఈసారి పూత బాగా వచ్చింది. కాయ దిగాక వచ్చే దాంట్లో సగం నీ ఖాతాలో పడుతుంది, వద్దనకు. కాణిపాకం మొక్కు కొంచెం ఆగాలి, పిల్లోడిని గుంపుల్లోకి తీసుకుపోవద్దని డాక్టరు చెప్పారు. ఆదివారం వాడిని తీసుకుని మీ ఇంటికి వస్తున్నాం. ఊరంతా పిలవొద్దు. నువ్వొక్కదానివే ఉండు. ఆ రోజు నీకు పెట్టాల్సిన దండం ఇంకా నా దగ్గరే ఉంది.