బొటనవేలి సంగతి

చిన్నీ,

చిన్నత్త మొన్న ఫోన్‌లో మాటల మధ్య నీ ఎడమ చేతికి ఏదో పట్టీ కనిపించిందని అంది. ఏ వేలికని అడిగితే "ఏమో వదినా, సరిగ్గా చూడలేదు" అని మాట మార్చేసింది. ఇవాళ దాని గురించి అడగడానికి కాదు రాస్తున్నది. నువ్వు చెల్లో మీద ఫస్ట్ పొజిషన్ దాటి నాలుగో పొజిషన్‌కి వచ్చావని అన్నయ్య చెప్పాడు, విని చాలా సంతోషం వేసింది. ఆ కబుర్లేవో రాద్దామని కూర్చున్నాను.

నాలుగో పొజిషన్ అంటే చెల్లో మెడ మీద చెయ్యి వెళ్లి కూర్చునే చోటు. చెల్లో మెడ కింద మడమలాంటి భాగానికి బొటనవేలు తగలగానే వచ్చేశామని తెలిసిపోతుంది. చిక్కంతా అక్కడికి వెళ్లే దారిలోనే. వేళ్లు ముందు పరిగెత్తి బొటనవేలు వెనకే అతుక్కుని ఉండిపోతే, ఆ లాగుడంతా దాని మొదట్లోనే పడుతుంది. జరిగే ముందు తీగ మీద బరువు తగ్గించు, మోచేతిని కదలనివ్వు, చెయ్యంతా కలిసి వెళ్లాలి. బొటనవేలు మధ్యవేలికి ఎదురుగా, మెడని తాకీ తాకనట్టు ఉంటే చాలు. వాయిస్తూ ఒకసారి దాని గోరు చూసుకో. తెల్లగా పాలిపోయి, కణుపు లోపలికి వంగి ఉందంటే నువ్వు నొక్కుతున్నట్టే.

అసలు పట్టకారుతో పట్టినట్టు పట్టాల్సిన పనేముంది చెప్పు? చెల్లో నీ ఛాతీకి ఆనుకుని, మోకాళ్ల మధ్య, కిందున్న ఎండ్‌పిన్ పుల్ల మీద నిలబడి ఉంటుంది, ఎక్కడికీ పోదు. భుజం నుంచి వేలాడే చేతి బరువు వేలి కొస మీదుగా తీగలోకి దిగాలి. బొటనవేలు పూర్తిగా తీసేసి నెమ్మదిగా ఒక స్కేల్ వాయించు. శబ్దం బతికే ఉంటే నీ చెయ్యి సరిగ్గా ఉన్నట్టు. ఇది రోజూ మొదట్లో కాసేపు చెయ్యి, ఒక్కరోజు చేసి వదిలెయ్యకు.

ఇంకోటి, ఎక్స్‌టెన్షన్లు, అదే వేళ్లు చాచి పట్టడం. మామూలుగా వేలికీ వేలికీ మధ్య అర స్వరం. చాచినప్పుడు చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య పూర్తి స్వరం అవుతుంది. ముందుకి చాచేటప్పుడు చూపుడువేలు అక్కడే ఉండాలి, మిగతా వేళ్లతో పాటు బొటనవేలు కూడా ముందుకి జరగాలి. నువ్వు దాన్ని జరపవు, నాకు తెలుసు. పైగా మనింట్లో అందరివీ నాయనమ్మ పోలిక చిన్న చేతులు. వయొలిన్ తీగ దాదాపు 33 సెంటీమీటర్లయితే ఫుల్ సైజ్ చెల్లోది 69 దాకా ఉంటుంది, అంత ఎడం మీద బలవంతంగా చాపితే ఏ చెయ్యయినా నొప్పెడుతుంది. కాస్త చిన్నది, 7/8 సైజ్ చెల్లో ఉంటుంది, మీ టీచర్‌ని అడుగు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

గొప్ప చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ సంగతి నీకు చెప్పానో లేదో. వేళ్లు బిగబట్టకుండా విప్పి వాడే ఈ పద్ధతులు అంతగా వ్యాపించడానికి ఆయనే పెద్ద కారణం. 1901లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, అమెరికాలో కచేరీలు చేస్తూ శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర తమల్‌పైస్ కొండ ఎక్కాడు. దిగుతుంటే పైనుంచి ఒక బండ దొర్లి వచ్చి ఎడమ చేతి మీద పడింది. వాయించే చెయ్యి, వేళ్లు నలిగిపోయాయి. ఆ క్షణంలో మనసులోకి వచ్చిన మొదటి ఆలోచన, ఇంక చెల్లో వాయించనక్కర్లేదు, హమ్మయ్య అని. ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అంత పేరున్నా ప్రతి కచేరీకి ముందూ భయపడే మనిషి మరి. నెలల తరబడి చేతికి విశ్రాంతి ఇచ్చి, కోలుకుని, మళ్లీ వాయించాడు, తొంభై దాటాక కూడా వాయించాడు. చెయ్యి నొప్పెట్టినప్పుడు మనసులో ఓ మూల హాయిగా అనిపించడం తప్పేం కాదు చిన్నీ. వచ్చే నెల వాయించాలన్న టెన్షన్‌లో నీకూ అలాంటిదేదైనా అనిపిస్తే దాచుకోకు. నేను కోప్పడను, నాన్నకీ నేనే సర్దిచెబుతాను.

వేలి కొసలు మంటపుడితే నాకు బెంగ లేదు, చర్మం గట్టిపడితే పోతుంది. బొటనవేలి మొదట్లో నొప్పి, మణికట్టు పట్టెయ్యడం, రాత్రిళ్లు తిమ్మిరి, ఇవి ఓర్చుకునేవి కావు. వెంటనే ఆపి డాక్టర్‌కి చూపించాలి, నీకు నువ్వే పట్టీ చుట్టుకుని సాధన చెయ్యడం కాదు. చేతులు చల్లగా ఉన్నప్పుడు వేగంగా వాయించకు. అరగంటకోసారి లే. గోళ్లు కత్తిరించుకో.

శృతి కోసం ఫింగర్‌బోర్డ్ మీద వేళ్ల గుర్తులకి అంటించిన టేపులు చూడటం మెల్లగా మానెయ్. A తీగ మీద చిటికెనవేలితో డి స్వరం పట్టు, పక్కనున్న డి తీగని చూడు. కమాను తగలకుండానే అది సన్నగా వణుకుతుంటే నీ వేలు సరైన చోట ఉన్నట్టు. వణకకపోతే ఇంకాస్త నొక్కాలనిపిస్తుంది, నొక్కకు, వేలు ఒక్క వెంట్రుకవాసి జరుపు.

ఇవాళ రాత్రే ఒక వీడియో తీసి పంపు. ముందు నుంచి కాదు, మెడ వెనకవైపు నుంచి, బొటనవేలు కనబడాలి. పట్టీ ఉంటే విప్పకుండా అలాగే తియ్యి. అన్నయ్య ఫోన్ చేస్తే ఎత్తు, వాడూ కంగారుపడుతున్నాడు.

అమ్మ