పాఠశాలల పాత కంప్యూటర్లను తుక్కులో వేసే ముందు ర్యామ్ చూడండి

సంపాదకుడిగారికి నమస్కారం.

నేను ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. కంప్యూటర్ గది తాళం కూడా నా దగ్గరే ఉంటుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ ఆగిపోయింది. అప్పటి నుంచి "పాతవన్నీ కండెమ్ చేసేయండి", అంటే పనికిరావని రాసి తుక్కుకు ఇచ్చేయండి అనే మాట అన్ని చోట్లా వినిపిస్తోంది. మా గదిలో జరిగింది చెబితే ఇంకో పాఠశాలకైనా పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా దగ్గర పది డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. అన్నింటిలో ఇంటెల్ జీ41 చిప్‌సెట్ (ప్రాసెసర్‌నూ ర్యామ్‌నూ కలిపే చిప్పు) ఉన్న మదర్‌బోర్డులే. ఒక్కోదానిలో డీడీఆర్3 రకం ర్యామ్ (కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపు వాడుకునే మెమరీ) 2 జీబీ ఉండేది, పక్కన ఒక స్లాట్ ఖాళీ. వాటిలో మూడింటికి మదర్‌బోర్డులే పోయాయి. మిగతా ఏడూ నడుస్తాయి కానీ, పిల్లలు ప్రభుత్వ పాఠాల వెబ్‌సైట్ దీక్షా పోర్టల్‌లో ఒక వీడియో తెరిస్తే పీరియడ్‌లో సగం గిరగిరా తిరిగే గుర్తును చూస్తూనే గడిచిపోయేది. ప్రాసెసర్‌లో లోపం లేదు. బ్రౌజర్‌కి చాలినంత మెమరీ లేదు, అంతే.

మా పూర్వ విద్యార్థులు చందా వేసుకుని 4,900 రూపాయలు ఇచ్చారు. పట్నంలో ఒక షాపుకు వెళ్లి "డీడీఆర్3, 4 జీబీ" అని అడిగి ఏడు ర్యాములు తెచ్చాను. అంతకు మించి ఏమీ అడగలేదు, షాపువాళ్లూ ఏ బోర్డు అని అడగలేదు. తెచ్చి పెడితే ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మీద ఏమీ రాదు, బీప్ బీప్ అని మోత. తీసి కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టాం. అదే మోత. రెండు మెషిన్లలో మాత్రం లేచి, 4 జీబీని 2 అని చూపించింది. షాపుకు తీసుకెళ్తే "మీ బోర్డులే పోయాయి సార్, కొత్త సిస్టమ్‌లు తీసుకోండి" అన్నారు. అదే ర్యామ్‌ను మా ఆఫీసు గది కంప్యూటర్‌లోని హెచ్61 అనే ఇంకా కొత్త రకం బోర్డులో పెడితే చక్కగా లేచి 4 జీబీ చూపించింది. అంటే ర్యామ్ మంచిదే, బోర్డూ మంచిదే. మరి తప్పెక్కడ?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పనిచేసే మా పాత విద్యార్థికి ఫోన్ చేశాను. "సార్, ర్యామ్ మీద నల్లచిప్పులు లెక్కపెట్టండి" అన్నాడు. ఒక వైపు ఎనిమిది ఉన్నాయి, రెండో వైపు ఖాళీ. "జీ41కి అవి రావు సార్. రెండు వైపులా కలిపి పదహారు ఉండాలి" అన్నాడు. లెక్క వేసి చూస్తే సరిపోయింది. ఈ బోర్డు ఒక్కో చిప్పులో 2 గిగాబిట్ల వరకే, అంటే (ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి) 256 ఎంబీ వరకే చదవగలదు. అలాంటివి పదహారు కలిస్తే 4 జీబీ. మేం కొన్నదానిలో ఒక్కో చిప్పే 4 గిగాబిట్లు. అందులో రెండో సగానికి చేరే దారి 2008 నాటి ఆ చిప్‌సెట్‌కి తెలియదు. తొమ్మిదో తరగతి పిల్లలను పిలిచి రెండు రకాల ర్యాములనూ పక్కపక్కన పెట్టి ఈ లెక్క చేయించాను. ఆ రోజు పాఠం అదే.

పదహారు చిప్పుల సెకండ్ హ్యాండ్ ర్యాములు ఆ అబ్బాయే పంపించాడు. ఇప్పుడు ఏడు మెషిన్లలోనూ 6 జీబీ ఉంది, విండోస్ బదులు ఉచితంగా దొరికే 64 బిట్ లినక్స్ నడుస్తోంది. 32 బిట్ విండోస్ అలాగే ఉంచి ఉంటే 4 జీబీకి మించి ఎంత పెట్టినా వృథాయే, ఆ మాట కూడా మాకు ఎవరూ చెప్పలేదు. ఎంత ర్యామ్ పెంచినా ఈ మెషిన్లకు విండోస్ 11 అధికారికంగా రాదు, దాని షరతులు వేరు. కానీ బడి పిల్లలకు విండోసే కావాలని లేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఎన్నో ఏళ్లుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి.

షాపుల గురించి ఒక మాట. మా బిల్లులో "ర్యామ్ 7" అని మాత్రమే రాశారు. డీడీఆర్ ఎన్నోది, ఎన్ని జీబీ, ఎంత స్పీడు, ఎన్ని చిప్పులు అనేవి బిల్లు మీద ఉండాలి. బోర్డుకు కుదరకపోతే వారంలో వెనక్కి తీసుకుంటామని కూడా రాయాలి. డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ పిన్నులు 240యే, పొడవూ ఒకటే. మధ్యలోని గాటు మాత్రం వేరే చోట ఉంటుంది, వోల్టేజీ వేరు. గాటు కుదరకపోయినా నొక్కితే స్లాటే విరుగుతుంది. చవకగా దొరుకుతాయని పెద్ద సర్వర్ కంప్యూటర్లకు చేసిన రిజిస్టర్డ్ రకం ర్యాములు అంటగడుతున్నారు. అవి మామూలు డెస్క్‌టాప్‌లో లేవవు. ఏఎండీ బోర్డుల్లోనే పనిచేసే రకాలూ ఉన్నాయి. కొనేవాళ్లకు ఇవన్నీ తెలియాలంటే ఎలా? అమ్మేవాళ్లే బోర్డు మోడల్ అడిగి ఇవ్వాలి.

నాకు ఎక్కువ బాధ కలిగించింది వేరే విషయం. చెడిపోయిన మా మూడు సీపీయూల్లో మూడు 2 జీబీ ర్యాములు బాగానే ఉన్నాయి. వాటిని తీసి నడిచే మెషిన్లలో పెట్టుకుంటే మూడింటికి ఒక్క రూపాయి ఖర్చు లేకుండా 4 జీబీ అయ్యేది. కానీ స్టాక్ రిజిస్టర్‌లో ఒక్కో సీపీయూ ఒక్కో నంబరు. ఒకదాని పార్టు ఇంకోదానిలో పెడితే ఆడిట్‌లో ఏమంటారోనని మా హెచ్ఎం గారు ఒప్పుకోలేదు. ఆయన భయంలో తప్పు లేదు, అలా మార్చుకోవచ్చని రాసిచ్చినవాళ్లు లేరు. విద్యాశాఖ ఒక చిన్న సర్క్యులర్ ఇచ్చి, రిజిస్టర్‌లో ఎంట్రీ వేసి పార్టులు మార్చుకోవచ్చని చెప్పాలి. పాఠశాలలకు ఏ బోర్డులు ఇచ్చారో శాఖ దగ్గర లెక్క ఉంటుంది. ఏ బోర్డుకు ఏ ర్యామ్ సరిపోతుందో ఒక్క పేజీలో అచ్చువేసి పంపడం పెద్ద పని కాదు. కండెమ్ చేయడానికి వచ్చే కమిటీ కూడా ఆన్ కాని మెషిన్‌లో ముందు ర్యామ్ మార్చి చూశాకే సంతకం పెట్టాలి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో కొత్త మెమరీ ధరలు 2025 చివరి నుంచి బాగా పెరిగాయి. ఇలాంటప్పుడు పనిచేసే ర్యాములను తుక్కుతో పాటు కిలోల లెక్కన అమ్మేయడం చూస్తూ ఊరుకోలేను.

వచ్చే నెలలో మా పాఠశాలకు ఆ కమిటీ వస్తోంది. పక్క ఊరి హైస్కూల్లోనూ ఇవే జీ41 బోర్డులు, ఇదే 2 జీబీ, ఇలాగే ఖాళీ స్లాట్లు. మా మూడు ర్యాములు వాళ్లకు ఇవ్వడానికి అనుమతి అడుగుతూ రెండు నెలల క్రితం ఉత్తరం రాశాం, ఇంకా జవాబు లేదు. కమిటీ వచ్చేలోగా ఆ అనుమతి ఇప్పించమని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

— ఒక ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా