పని చేసుకుంటూ చదివేవాళ్లకు తగ్గ నిబంధనలేవి?

సంపాదకులకు,

డిగ్రీ సీట్ల భర్తీకి ఆన్‌లైన్‌లో దోస్త్ కౌన్సెలింగ్ జరిగినప్పుడల్లా డిగ్రీ కాలేజీల్లో సీట్లు మిగిలిపోయాయన్న వార్త వస్తుంది. పిల్లలకు చదువు మీద ధ్యాస తగ్గిందని కొందరు, అందరూ ఇంజనీరింగ్‌కే ఎగబడుతున్నారని ఇంకొందరు తేల్చేస్తారు. ఈ ఊళ్లో ఇప్పుడు డిగ్రీ చదువుతున్నది ఎవరన్నది మాత్రం ఎవరూ అడగరు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు ప్రిపేరవుతూ పట్టా కోసం దూరవిద్యలో చేరినవాళ్లున్నారు. మాదాపూర్‌లో నైట్ షిఫ్టులు చేసేవాళ్లున్నారు. ఇంటర్ కాగానే పెళ్లయి, పిల్లలు బడికి పోయే వయసొచ్చాక మళ్లీ పుస్తకం పట్టినవాళ్లున్నారు. పొద్దంతా బండి మీద పార్శిళ్లు చేరవేసేవాళ్లున్నారు. ఒకేసారి రెండు డిగ్రీలు చేయవచ్చని 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) చెప్పాక, పగలు కాలేజీకి పోయి రాత్రి ఆన్‌లైన్‌లో ఇంకో కోర్సు చదివేవాళ్లూ వీళ్లలో కలిశారు.

పాఠాలకు ఇక్కడ కరువేం లేదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే పుట్టింది. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో జూబ్లీహిల్స్ నుంచి నడుస్తోంది. దాని తెలుగు మీడియం పుస్తకాలను అందులో చేరనివాళ్లు కూడా పోటీ పరీక్షల కోసం కొనుక్కుంటారు. రాష్ట్ర ప్రభుత్వ పాఠాల చానెల్ టీ-శాట్ ఉంది, కేంద్రం ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం ఉంది. తరగతి ఎలాగోలా ఫోన్లోకి వచ్చేసింది. చిక్కంతా ఫీజు, గుర్తింపు ఐడీ, పరీక్షల లెక్క దగ్గరే. విద్యార్థి జారిపోయేది అక్కడే.

మొదట ఫీజు. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే రెగ్యులర్ కోర్సులో ఉండాలి, 75 శాతం హాజరుండాలి. దూరవిద్యలో చేరితే రూపాయి రాదు. దాంతో ఏం జరుగుతోందో అధ్యాపకులందరికీ తెలుసు. పని మానలేని కుర్రాడు కూడా రెగ్యులర్ సీటే తీసుకుంటాడు. వేలిముద్ర వేసి పోతాడు, లేదా అదీ వేయలేక మధ్యలో వదిలేస్తాడు. అతనికి నప్పే చదువు దూరవిద్యే, కానీ అందులో చేరితే ఫీజంతా సొంత జేబులోంచే కట్టాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్య కోర్సులకైనా రీయింబర్స్‌మెంట్ ఇచ్చి, హాజరుకు బదులు సమర్పించిన అసైన్‌మెంట్లను, రాసిన పరీక్షలను కొలమానంగా పెట్టుకోవచ్చు. దొంగ హాజరు కంటే అది నికరమైన లెక్క.

రెండోది డెబ్ ఐడీ, అంటే యూజీసీ దూరవిద్యా విభాగం (డెబ్) ఇచ్చే గుర్తింపు సంఖ్య. 2024 సెప్టెంబరు నుంచి దూరవిద్యలోగానీ ఆన్‌లైన్ డిగ్రీలోగానీ చేరాలంటే ఇది తప్పనిసరి. ముందు డిజిలాకర్‌లో ఆధార్‌తో లాగిన్ అయి 12 అంకెల విద్యార్థి గుర్తింపు సంఖ్య అపార్ ఐడీ తీసుకోవాలి. దాంతో యూజీసీ డెబ్ పోర్టల్‌లో ఐడీ సృష్టించుకోవాలి. కాగితం మీద పది నిమిషాల పని. ఆగేది రెండు చోట్ల. ఒకటి ఓటీపీ: ఆధార్‌కు లింకయిన నంబరు ఎప్పుడో రీచార్జి మానేసిన పాత సిమ్ముదై ఉంటుంది, లేదంటే ఊళ్లో ఉన్న నాన్నది. రెండోది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరంగా కుదించి ఉంటుంది. పెళ్లయినవాళ్లకైతే ఆధార్‌లో ఏకంగా అత్తారింటి పేరు ఎక్కి ఉంటుంది. రెండు కార్డుల్లో ఇద్దరు మనుషులున్నట్టు సిస్టమ్‌కు కనిపిస్తుంది. మార్చాల్సి వస్తే టెన్త్ మెమో ప్రకారం ఆధార్‌ను మార్చుకోవాలి. ఆధార్‌లో పేరు జన్మలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి నెట్ సెంటర్‌లో హడావుడిగా ఏదో ఒకటి కొట్టించుకుని రావొద్దు, స్పెల్లింగ్ అక్షరం అక్షరం మెమోతో సరిచూసుకోవాలి. అడ్మిషన్ గడువు చివరి వారంలో మొదలుపెడితే ఆ ఏడాది పోయినట్టే. అధ్యయన కేంద్రాలు నోటిఫికేషన్‌కు నెల ముందే ఈ తనిఖీ పెడితే చాలామంది గట్టెక్కుతారు.

స్వయంలో ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ కోర్సులు తీసుకునేవాళ్లు పోగొట్టుకునేది మార్కుల లెక్క తెలియక. చేరడం ఉచితం, పరీక్షకు వేరే రిజిస్ట్రేషన్, వేరే ఫీజు. పాఠాలన్నీ విని ఆ రిజిస్ట్రేషన్ గడువు దాటబెట్టినవాళ్లకు సర్టిఫికెట్ లేదు, క్రెడిట్లూ లేవు. 12 వారాల కోర్సులో బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్ల సగటును 25కు కుదిస్తారు. అందులో 10 రావాలి, పరీక్షలో 75కు 30 రావాలి, రెండూ విడివిడిగా. అసైన్‌మెంట్లలో 24, పరీక్షలో 29 తెచ్చుకున్నా ఫెయిలే. పనిలో పడి నాలుగు వారాలు తప్పినా మునిగిపోయేదేమీ లేదన్నది కూడా ఈ లెక్కలోనే ఉంది. అది తెలియక, మొదటి రెండు అసైన్‌మెంట్లు తప్పగానే మానేసేవాళ్లే ఎక్కువ.

కాలేజీల రికార్డింగుల సంగతి క్లుప్తంగా. గంట క్లాసును గంటా తీసి పెట్టేస్తున్నారు. నెట్ నెమ్మదించి వీడియో నాణ్యత 144పీకి పడిపోతే బోర్డు మీది రాత కనబడదు. అదే పాఠాన్ని 64 కేబీపీఎస్ ఆడియోగా ఇస్తే గంటకు దాదాపు 29 ఎంబీ అవుతుంది, బస్సులో వినొచ్చు. బోర్డు మీది రాతను విడిగా పీడీఎఫ్ చేసి ఇవ్వాలి. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు, అధ్యాపకుడికి అరగంట అదనపు పని. ఆ అరగంటను పనిభారంలో లెక్కగట్టరు కాబట్టే ఎవరూ చేయరు.

ఈ ఇబ్బందులను సొమ్ము చేసుకునేది ఒక్కసారి పరీక్షలు రాస్తే చాలు పట్టా ఇప్పిస్తామని గోడల మీద, స్తంభాల మీద పోస్టర్లు అంటించే ‘వన్ సిట్టింగ్ డిగ్రీ’ వాళ్లు. ఆన్‌లైన్ డిగ్రీ అయినా మూడేళ్లు పడుతుంది. ఫ్రాంచైజీలకు యూజీసీ అనుమతి లేదు. ఇంజనీరింగ్, లా, ఫార్మసీ, నర్సింగ్ వంటివి దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతిలో చెల్లవు. విశ్వవిద్యాలయం పేరు ఒక్కటే చూస్తే చాలదు. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఆ కోర్సు, ఆ విద్యా సంవత్సరం, ఆ సెషన్ మూడూ ఉన్నాయో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టాలి, అదీ విశ్వవిద్యాలయం పోర్టల్‌లోనే.

ఇక దూరవిద్య కేంద్రాల్లో ఆదివారం పెట్టే ముఖాముఖి (కాంటాక్ట్) తరగతులు. ఆఫీసు ఉద్యోగికి ఆదివారం సెలవు. మాల్‌లో, బట్టల షాపులో, హోటల్లో, డెలివరీలో పనిచేసేవాళ్లకు అదే తీరిక లేని రోజు. ఆ రోజు సెలవడిగితే కూలి కోతే, ఒక్కోసారి పనే పోతుంది. అవే కాంటాక్ట్ క్లాసులను మంగళవారమో బుధవారమో పొద్దున కూడా నడపాలని విశ్వవిద్యాలయాలను కోరుతున్నాం. ముందు నగరంలోని రెండు మూడు కేంద్రాల్లో ఒక సెమిస్టర్ పాటు నడిపి చూసినా చాలు.

– దూరవిద్య కౌన్సెలర్లు, హైదరాబాద్