సంక్రాంతి సెలవులు నవంబరులోనే ఖరారు చేయాలి

సంపాదకుల వారికి,

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోస్తా జిల్లాలకు వెళ్లే కుటుంబాలలో చాలామంది ఇప్పుడు భోగి నాడు చేరుకొని, కనుమ నాడే తిరుగు ప్రయాణం కడుతున్నారు. కనుమ నాడు కాకైనా కదలదని పెద్దలు ఊరకే అనలేదు. పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఇంటిల్లిపాదీ మినపగారెలతో భోజనానికి కూర్చునే రోజు అది.

రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజులైనందున పండుగ టికెట్ల అమ్మకం నవంబరు మధ్యలో మొదలవుతోంది. అనేక ప్రైవేటు సంస్థలు మాత్రం ఎవరికి ఎన్ని రోజులు సెలవో డిసెంబరు చివర గాని తేల్చవు. రేగుపళ్లు, చిల్లర నాణేలు, బంతిపూల రెక్కలు కలిపి మనవరాలి తలపై భోగిపళ్లు పోయడానికి అమ్మమ్మ సాయంత్రం ఎదురుచూస్తుంటే, ఆ పిల్ల ఇంకా జాతీయ రహదారి 65పై బస్సులోనే ఉంటుంది. ఇది ఎంతో బాధాకరం.

యాజమాన్యాలు నవంబరు మొదటి వారంలోగా సంక్రాంతి సెలవులను ప్రకటించి, వాటిలో కనుమను తప్పక చేర్చాలని, రెండు రాష్ట్రాల కార్మిక శాఖలు ఈ మేరకు వారికి సూచించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హైదరాబాద్